అసున్సియోన్‌లో పోలీసు దస్త్రాల గది

పరాగ్వే రాజధాని అసున్సియోన్‌లో కోర్టు కార్యాలయాలు పొద్దున 7కే తెరిచి మధ్యాహ్నం ఒంటిగంటకు మూసేస్తారు. ‘టెర్రర్ ఆర్కైవ్స్’ అనే దస్త్రాలు ఉన్నది న్యాయ భవనంలోనే. అందుకే పాస్‌పోర్టుతో పొద్దున్నే వెళ్లాను. పదింటికి బయల్దేరితే సగం రోజు పోయినట్టే.

1954 నుంచి 1989 దాకా దేశాన్ని ఏలిన నియంత ఆల్ఫ్రెడో స్ట్రోస్నర్ పోలీసులు రాసుకున్న కాగితాలివి. 1974లో అరెస్టయిన ఉపాధ్యాయుడు మార్టిన్ అల్మాదా, 1992 రాజ్యాంగంలోని 135వ అధికరణం పట్టుకుని తన ఫైలు చూపించమని కోర్టుకెక్కాడు. ఎవరి సమాచారాన్ని వారు అడిగి చూసుకునే హక్కు అది. ఆ ఏడాది డిసెంబరు 22న జడ్జి హోసే అగుస్టిన్ ఫెర్నాండెజ్‌తో కలిసి అసున్సియోన్ పక్కనే ఉన్న లాంబారేలోని పోలీసు భవనానికి వెళ్తే, కాగితాలు గుట్టలుగా బయటపడ్డాయి. 2009లో యునెస్కో వీటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

వెతకడం పేరుతో మొదలవుతుంది, చాలామంది తడబడేది కూడా అక్కడే. స్పానిష్ పేరు చివర రెండు ఇంటిపేర్లుంటాయి: ముందు తండ్రిది, తర్వాత తల్లిది. చివరి మాటే ఇంటిపేరనుకుని తల్లి వైపు పేరుతో వెతికితే మనిషి దొరకడు. పెళ్లయిన స్త్రీల పేర్లలో ‘దె’ తర్వాత వచ్చేది భర్త ఇంటిపేరు, కాబట్టి పుట్టింటి పేరుతోనూ చూడాలి. ఏదైనా పనికొచ్చే కాగితం కనిపిస్తే, దాని మైక్రోఫిల్మ్ రోల్ నంబరు, ఫ్రేమ్ నంబరు అప్పటికప్పుడే రాసుకోండి. అవి లేకుండా ఆ పేజీని మళ్లీ పట్టుకోవడం మహా కష్టం.

చదివేటప్పుడు ఒక మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. వాంగ్మూలాల కింద సంతకాలున్నా, వాటిలో చాలా భాగం చిత్రహింసల మధ్య రాయించినవి. ‘ఒప్పుకున్నాడు’ అని ఉన్నంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. ఆ మనిషి ఆ తేదీన పోలీసుల చేతిలో ఉన్నాడని మాత్రం రుజువవుతుంది. కనిపించకుండా పోయినవారి కుటుంబాలకు కావలసింది సరిగ్గా అదే. అందుకే నా దృష్టిలో పొడవాటి వాంగ్మూలం కన్నా పొడిగా రాసిన ఖైదీల జాబితా విలువైనది.

ఉదాహరణకు 1977 మే 16 నాటి పోలీసు నివేదిక. ఇద్దరు ఉరుగ్వే వాళ్లను, ముగ్గురు అర్జెంటీనా వాళ్లను అర్జెంటీనా నౌకాదళ విమానంలో బ్యూనస్ ఎయిర్స్‌కి పంపినట్టు అందులో ఉంది. ఐదుగురూ మళ్లీ కనిపించలేదు. తమ వ్యతిరేకులను దేశాల సరిహద్దులు దాటి వేటాడేందుకు దక్షిణ అమెరికా నియంతలు కలిసి నడిపిన ‘ఆపరేషన్ కాండోర్’ ఎలా పనిచేసిందో ఇంత సూటిగా చూపే కాగితాలు అరుదు. 1975లో చిలీ గూఢచారి అధిపతి మాన్యుయెల్ కాంట్రెరాస్, పరాగ్వే పోలీసు అధిపతి ఫ్రాన్సిస్కో బ్రిటెస్‌ను సాంతియాగో సమావేశానికి పిలిచిన ఉత్తరం కూడా ఇక్కడే దొరికింది.

చిలీ అనే పేరున్న వీధిలో, ‘లా తెక్నికా’ అనే పాత నిర్బంధ కేంద్రం ఇప్పుడు జ్ఞాపకాల మ్యూజియం. ఆ సంస్థ 1956లో అమెరికా సాయంతో మొదలైంది. మ్యూజియానికి దస్త్రాలు చూశాకే వెళ్లండి. అప్పటికి పేర్లు, తేదీలు తెలిసి ఉంటాయి కాబట్టి, ఏ గదిలో ఏం అడగాలో మీకే తెలుస్తుంది.