చెయ్యి పెట్టకుండా పడటం

ముందటేడు వానాకాలంలో బ్రాడీపేటలో మా ఇంటి మెట్ల మీద జారి, కుడిచెయ్యి ఆనించి పడ్డాను. మణికట్టు విరిగింది. ఆరు వారాలు పిండికట్టు. నలభై మూడేళ్ళ కొడుక్కి అమ్మ మళ్ళీ అన్నం కలిపి పెట్టింది.

కట్టు విప్పిన డాక్టరుగారు, "పడేటప్పుడు చెయ్యి పెడితే ఒంటి బరువంతా దాని మీదికే వస్తుందండీ" అన్నారు. మరి పెట్టకుండా పడటం ఎలా?

ఎముక గట్టిపడ్డాక మా అబ్బాయి వెళ్ళే జూడో క్లాసులోనే చేరాను. పక్కన అందరూ పదేళ్ళ పిల్లలు. నవ్వారు, నవ్వనీ.

1882లో జపాన్‌లో జిగొరో కానో మొదలుపెట్టిన ఈ విద్యలో ఎదుటివాణ్ణి ఎత్తి పడెయ్యడం ఉంది కాబట్టి, ముందు పడటమే నేర్పుతారు. దాన్ని ఉకెమి అంటారు. రెండు వారాలు నాకదే పని: గొంతుక్కూర్చుని వెనక్కి దొర్లడం. గడ్డం ఛాతీకి ఆనించి బెల్టు ముడి వైపు చూడాలి. చూపు పైకప్పుకి పోయిందా, తల నేలకి కొట్టుకుంటుంది. వీపు గుండ్రంగా వంచి, నడుము నుంచి భుజాల దాకా వరసగా ఆనాలి. ఆనే క్షణంలోనే రెండు చేతులూ ఒంటికి కాస్త ఎడంగా చాచి మ్యాట్ మీద చరచాలి, ఊపిరి వదిలెయ్యాలి. దెబ్బ ఒక్కచోటే దిగితే విరుగుతుంది. ఒళ్ళంతా పరుచుకుంటే చాలాసార్లు కందడంతో పోతుంది.

వినడానికి తేలికే. నా కుడిచెయ్యి మాత్రం ప్రతిసారీ నాకన్నా ముందే వెనక్కి పోయేది. మాస్టారు చూసి చూసి, "చేతులు కట్టుకుని పడండి సార్" అన్నారు. అది మాట వినడానికి నెలన్నర పట్టింది.

"రోడ్డు మీద కూడా చరచాలా?" అనడిగాను.

"సిమెంటు మీద చరిస్తే చెయ్యి పగులుద్ది సార్. అక్కడ దొర్లడమే."

భుజం మీంచి వీపుకి అడ్డంగా, అవతలి తుంటి దాకా దొర్లాలి. అది నాకింకా సరిగ్గా రాదు.

మొన్న ధనుర్మాసంలో తెల్లారగట్ల పాల ప్యాకెట్లకని వెళ్తూ వాకిట్లో కళ్ళాపి మీద జారాను. ఎప్పుడు వంగానో తెలీదు, కూలబడుతూనే వెనక్కి దొర్లాను. వీపంతా పేడనీళ్ళు. తల తగల్లేదు. చేతులు రెండూ గుండెల మీదే ఉన్నాయి.

అమ్మ ముగ్గుగిన్నెతో పరిగెత్తుకొచ్చింది. "చెయ్యేదిరా?"

ఆడించి చూపించాను.

"సరేలే, లే. పద్మం మీదే పడ్డావు."