పిన్ని చెవిలో సినిమా

పలాసలో ఎక్కిన ప్యాసింజరు ఇచ్ఛాపురం దాటేసరికి పెట్టెలో మాట మారిపోయింది. అప్పటిదాకా తెలుగులో కొబ్బరికాయల ధర గురించి వాదించుకుంటున్న ఇద్దరు ఆడవాళ్లు, గొలంత్ర వచ్చేసరికి అదే వాదన ఒడియాలో సాగిస్తున్నారు. ఎక్కడ మార్చారో నేను పట్టుకోలేకపోయాను.

బరంపురంలో మా పిన్ని వాళ్లుంటారు. బాబాయి పట్టుచీరలు నేస్తారు. వాళ్లబ్బాయి బరంపురం యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతున్నాడు. "క్యాంపస్‌లో దేశదేశాల ఇండిపెండెంట్ సినిమాలు వేస్తున్నారక్కా, రా" అని ఫోన్ చేస్తే రెండు రోజులు సెలవు పెట్టి బయల్దేరాను. వాడు తెలుగు చక్కగా మాట్లాడతాడు, చదవలేడు. బడి చదువంతా ఒడియాలోనే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. నేతగాళ్ల వీధుల్లో ఇప్పటికీ గడప లోపల తెలుగే వినిపిస్తుంది.

యూనివర్సిటీ ఊరికి దూరంగా, గోపాల్‌పూర్ వైపు ఉంటుంది. 1967లో మొదలైంది. ఆ ప్రాంగణానికి ఒడియా కవి ఉపేంద్ర భంజ పేరు మీద భంజ విహార్ అని పేరు పెట్టారు. శ్రావణ మాసం కావడంతో దారిలో మొగలి పొదల వాసన ఆటోలోకి కొట్టింది. గంజాం మొగలి అంటే అత్తరు వాళ్లకి ప్రాణం. పిన్ని, బాబాయి కూడా మాతో వచ్చారు. పిన్ని పట్టుచీర కట్టుకుంది. "సినిమాకేగా" అన్నాడు తమ్ముడు. "కాలేజీకి కదరా" అంది పిన్ని.

హాలు చిన్నది. మొదటి రోజు ఇరాన్ సినిమా, అబ్బాస్ కియారొస్తామీ 1987లో తీసింది. పేరు 'ఖానే-యే దూస్త్ కొజాస్త్'. స్నేహితుడి ఇల్లెక్కడ అని అర్థం. ఎనిమిదేళ్ల అహ్మద్ పొరపాటున తోటి పిల్లాడి నోటుబుక్కు ఇంటికి తెచ్చేస్తాడు. మర్నాడు ఆ పుస్తకంలో హోంవర్క్ చేసి తేకపోతే ఆ పిల్లాణ్ని బడి నుంచి పంపేస్తానని పంతులు అని ఉంటాడు. పుస్తకం ఇచ్చేయడానికి అహ్మద్ కొండ మీది వంకర దారిలో పక్క ఊరికి పరిగెడతాడు. అంతే కథ. నటించిన పిల్లలు కథ జరిగే కోకర్ ఊరి పిల్లలే.

తెర కింద ఇంగ్లిష్ అక్షరాలు పడుతున్నాయి. పిన్నికి అవి రావు. తమ్ముడు ఆమె చెవి దగ్గరకి వంగి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. కాసేపయ్యాక పిన్నే వాణ్ని ఆపి, "దోస్త్ అంటున్నాడు కదూ? దోస్తు ఇల్లు" అంది. ఇంకాసేపటికి "దఫ్తర్" అన్న మాట పట్టుకుంది. వాళ్ల భాషలో దఫ్తర్ అంటే నోటుబుక్కు. మన తాతల కాలంలో లెక్కల కట్టల్ని దఫ్తరాలనేవారు. పారశీక మాటలు మన సర్కారు కచేరీల్లోకి ఎప్పుడో వచ్చాయని పుస్తకాల్లో చదివాను, కానీ పిన్ని చెవి వాటిని చీకట్లో ఏరుకోవడం విన్నప్పుడే నాకు ఆ సంగతి నిజంగా అర్థమైంది. అహ్మద్ ఎంత చెప్పినా తల్లి వినిపించుకోకుండా పని మీద పని చెబుతుంటే, "ఒక్కసారి వాడి మొహం చూడవమ్మా" అని పిన్ని పైకే అనేసింది. ముందు వరసలో వాళ్లు వెనక్కి తిరిగి నవ్వారు.

పక్క ఊళ్లో అహ్మద్‌కి ఒక ముసలి వడ్రంగి తోడొస్తాడు. తను చేసిన తలుపులూ కిటికీలూ చూపిస్తూ, అందరూ ఇనప తలుపులు పెట్టించుకుంటున్నారని చెబుతూ నెమ్మదిగా నడుస్తాడు. ఆ భాగం మొత్తం బాబాయి ముందుకి వంగి కూర్చున్నారు.

సినిమా 83 నిమిషాలే. అయ్యాక గంటసేపు మాటలు సాగాయి. విద్యార్థులు కెమెరా గురించీ పిల్లల నటన గురించీ బాగా మాట్లాడారు. చివర్లో బాబాయి లేచారు. ఒడియాలో మాట్లాడారు, తమ్ముడు నాకు తెలుగులో చెప్పాడు. "మా వీధి కుర్రాళ్లు సూరత్‌లో పవర్‌లూమ్‌ల మీద ఉన్నారు. ఫోడా కుంభ అంచు నేయడం నేర్పుదామంటే ఎదురుగా కూర్చునేవాడు లేడు. ఆ ముసలాయన చీకట్లో తలుపులు ఎందుకు చూపించాడో నాకు తెలుసు." హాలు కాసేపు నిశ్శబ్దంగా ఉండిపోయింది. ఇలాంటి సినిమాలు మేధావులకే అనేవాళ్లు ఆ హాల్లో ఉండాల్సింది.

రెండో రోజు ఒడియా సినిమా. 1984లో నిరద్ మహాపాత్ర తీసిన 'మాయా మిరిగ'. ఆయన పూర్తి చేసిన ఫీచర్ సినిమా అదొక్కటే. పాడైపోతున్న ఆ చిత్రాన్ని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ బాగుచేశాక 2024లో ఇటలీలోని బొలోన్యాలో చూపించారు. పూరీలో ఒక హెడ్మాస్టరు గారి ఉమ్మడి కుటుంబం మెల్లగా విడిపోవడమే కథ.

ఈసారి చెవిలో చెప్పడం పిన్ని వంతు. నాకు ఇంగ్లిష్ అక్షరాలు చాలుతాయనుకున్నాను, చాలలేదు. ఎవరు ఎవరిని 'ఆపణ' (మీరు) అంటున్నారో, ఎవరిని 'తుమే' (నువ్వు) అంటున్నారో పిన్ని చెబుతుంటే తెలిసింది. ఇంగ్లిష్‌లో రెండిటికీ ఒకటే మాట. చదువుకుని ఐఏఎస్ అయిన కొడుకు దూరమవుతాడు. ఇంటి చాకిరీ అంతా పెద్ద కోడలి నెత్తిన పడుతుంది. ఆమె వంటింట్లో కనిపించడం మొదలయ్యాక పిన్ని గుసగుసలు తగ్గి, తర్వాత పూర్తిగా ఆగిపోయాయి. పిన్ని ఇరవయ్యేళ్లప్పుడు ఈ ఊరికి కోడలిగా వచ్చింది, ఒక్క ఒడియా మాట రాకుండా. నేను తెర వదిలేసి కాసేపు పిన్నినే చూశాను. ఏమీ అడగలేదు.

మర్నాడు పొద్దున్న స్టేషన్లో అప్పడాల పొట్లం నా సంచిలో సర్దుతూ, "ఆ ఇరాన్ పిల్లాడు ఇప్పుడెలా ఉన్నాడో తెలుసా?" అంది. సినిమా తీసిన మూడేళ్లకి, 1990లో, ఆ ఊళ్లని భూకంపం కూల్చేసిందని చెప్పాను. పిన్ని చెయ్యి ఆగింది. దర్శకుడు ఆ పిల్లల్ని వెతుక్కుంటూ వెళ్లాడనీ, ఆ వెతుకులాట మీదే ఇంకో సినిమా తీశాడనీ, పిల్లలు బతికే ఉన్నారనీ చెప్పాను.

"బతికే ఉన్నారా" అని రెండుసార్లు అడిగింది. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, "ఆ రెండో సినిమా కూడా వేయమని మీవాళ్లతో చెప్పరా" అంది. వాడు ఫోన్ తీసి అక్కడే మెసేజ్ పెట్టాడు.