పిన్ని పాటలు

పదకొండున్నర దాటింది. పడుకోవాలి. కానీ పొద్దున కార్లో పండు అన్న మాట ఇంకా చెవిలో జోరీగలా తిరుగుతోంది. ఇక్కడ కక్కేస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు.

జరిగింది చెబితే ఇంతేనా అంటారు. కారెక్కాం. నా ఫోన్ బ్లూటూత్‌కి కలిసింది, నా లిస్టు మొదలైంది. నా లిస్టంటే నా కాలం సినిమా పాటలు. 2009 నుంచి 2013 దాకా. కాలేజీ, హాస్టలు, మొదటి ఉద్యోగం అన్నీ అందులోనే ఉంటాయి. రెండో పాట ఇంకా మొదటి చరణంలో ఉండగానే వెనక సీట్లోంచి, "పిన్నీ, ఇవి వద్దు ప్లీజ్. అమ్మ పాటలు పెట్టవా?" అంది.

అమ్మ పాటలంటే మా అక్కవి. అక్క నాకంటే పదకొండేళ్లు పెద్దది, దాని పాటలన్నీ తొంభైల నాటివి. పాతవి వద్దు, కొత్తవి పెట్టు అంటే సరే, ఈ కాలం పిల్ల అనుకునేదాన్ని. ఇది నావి తీసేసి ఇంకా పాతవి పెట్టమంటోంది! అంటే నా పాటల తప్పు పాతబడడం కాదన్నమాట. సరిపడా పాతబడకపోవడం.

"ఎందుకే, వీటికేమయింది?" అన్నాను, ఏదో మామూలుగా అడిగినట్టు.

"అన్నిటికీ ఒకటే దరువు పిన్నీ. డబ్బా కొట్టినట్టు. మధ్యలో ఎవడో వచ్చి ఇంగ్లీషులో ఏదో వాగేసి పోతాడు. క్రింజ్."

ఈయన స్టీరింగ్ పట్టుకుని ముసిముసి నవ్వులు. ఆ డబ్బా మోతకే కదా కాలేజీ ఫెస్ట్‌లో చొక్కా గుండీలు తెగేలా గెంతారు! ఒక్క మాట సాయం రాలేదు.

సరేనని అక్క పాటలే పెట్టాను. ఇళయరాజా వయొలిన్లు మొదలయ్యాయి. పండు కళ్లు మూసుకుని, రాని చోట పదాలు మింగేస్తూ పాడింది. బాగా పాడుతుంది అది. ఆ ఐదు నిమిషాలూ బాగున్నాయి, అబద్ధమెందుకు.

కానీ ఒక మంట మొదలైతే పక్కనున్నవన్నీ అంటుకుంటాయి కదా. మొన్న ఏమందో తెలుసా? 'ఆరెంజ్' పాటలు పెడితే గంతులేసింది. అబ్బ, 2010 నాటిది ఒక్కటైనా నచ్చింది అని నేను మురిసిపోతుంటే, "అది మీది కాదు పిన్నీ, మాది" అంది. మాదట! ఆ సినిమా వచ్చినప్పుడు దీనికి మూడేళ్లు. అప్పుడు సినిమా ఆడలేదు. పాటలు మాత్రం మేమే మోశాం, ఇయర్‌ఫోన్లో చెరో చెవీ పెట్టుకుని, బస్సుల్లో, హాస్టల్ మెట్ల మీద. 2023లో మళ్లీ విడుదల చేస్తే వీళ్లు వెళ్లి థియేటర్లో గొంతు చించుకున్నారు. అంతే, వీళ్లదైపోయింది. పొలం దున్ని నాట్లు వేసింది మేము, కోతల నాటికి వీళ్లు దిగారు.

ఇంకోటి. 'సంక్రాంతికి వస్తున్నాం'లో గోదారి గట్టు పాట వచ్చిన కొత్తలో "ఈ కొత్త సింగర్ భలే ఉన్నాడు కదా" అంది. రమణ గోగులని పట్టుకుని! 1998లో 'ప్రేమంటే ఇదేరా', ఆ తర్వాతి ఏడు 'తమ్ముడు', ఇంట్లో టేప్ రికార్డర్‌కి ఆ రెండు క్యాసెట్లే తిండి. చెబుదామని నోరు తెరిచి మళ్లీ మూసేశాను. చెప్తే నా పాటల్లో కలిపేస్తుంది, ఆయనకి కూడా నష్టం.

ఇక రాత్రి అన్నం తిన్నాక దాని గదిలోంచి అక్క పాటే ఒకటి వినిపించింది. కానీ సాగుతోంది. ఒక్కో అక్షరం బావిలోంచి తోడినట్టు వస్తోంది. కంగారుపడి వెళ్లి చూస్తే ఏమీ పాడవలేదు, కావాలనే అలా చేస్తారట. స్లో చేసి, రివర్బ్ అని ప్రతిధ్వని కలిపి పెడతారట. "ఇలా వింటే ఫీల్ వస్తుంది పిన్నీ." బాలు గొంతు టేప్ రికార్డర్లో అలా సాగితే మేము సెల్స్ అయిపోయాయని తెలుసుకుని, తీసి ఎండలో పెట్టేవాళ్లం. ఇంకో గంట ఆడేవి. ఆ రోగమే ఇప్పుడు ఫీల్ అయి కూర్చుంది.

ఇంతవరకూ రాసి, చదువుకుని, బాగానే తిట్టానని తృప్తిపడి లేవబోయాను. అప్పుడు బాబాయి క్యాసెట్ గుర్తొచ్చింది. రాకుండా ఉంటే బాగుండేది.

2003. నాకు పద్నాలుగేళ్లు. టీవీలో వచ్చే కొత్త పాటలు రికార్డు చేసుకోవాలి, ఖాళీ క్యాసెట్ లేదు. ఇంట్లో ఉన్నవి మూడు రకాలు. నాన్నవి ఘంటసాల క్యాసెట్లు, పసుపు పచ్చ అట్టలతో, బీరువాలో. అక్కవి రెహమాన్‌వి, అది హాస్టల్‌కి వెళ్తూ లెక్కపెట్టి వెళ్లింది. ఇక అటక మీద చెప్పుల పెట్టెలో బాబాయివి ఏడు.

బాబాయి నాన్నకంటే బాగా చిన్నవాడు. ఆయన కుర్రతనమంతా 1990, 91, 92. రాజ్-కోటి, బప్పీ లహరి. 'గ్యాంగ్ లీడర్' పాటలకి మా వాకిట్లో ఆడి కాలు బెణికించుకున్న మనిషి. కాగితం మీద పాటల లిస్టు రాసి, ఖాళీ క్యాసెట్‌తో పాటు రికార్డింగ్ షాపులో ఇచ్చి చేయించుకునేవాడు. లోపలి అట్ట మీద పాట పేరు నీలం పెన్నుతో, పాడినవాళ్ల పేర్లు ఎర్ర పెన్నుతో, చీమల బారులాంటి రాత. ఎవరూ చెరపకుండా క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు ప్లాస్టిక్ రెక్కలూ విరిచేసేవాడు. అవి విరిగితే రికార్డ్ బటన్ దిగదు.

దానికి విరుగుడు మా క్లాసులో అందరికీ తెలుసు. కాగితం ముక్క మడిచి ఆ కంతలో కుక్కి, పైన ప్లాస్టర్ అంటిస్తే చాలు. అంటించాను. టీవీ స్పీకర్ ముందు టేప్ రికార్డర్ పెట్టి, ఇంట్లో అందరినీ మాట్లాడొద్దని బతిమాలి, ప్లే, రికార్డ్ రెండూ కలిపి నొక్కాను. మూడో పాటలో అమ్మ "ఒసేయ్, నీళ్లొచ్చాయి, బిందె పెట్టు" అనడం కూడా ఎక్కింది. నాలుగో దాంట్లో కుక్కర్ రెండు విజిల్స్.

ఏ సైడు మొత్తం ఆరు పాటలు. నావి ఐదున్నర పాటల మేర పట్టాయి. ఆరోది సగం మిగిలింది. నా చివరి పాట టక్కున ఆగగానే, ఒక్క క్షణం బుస్సుమని చప్పుడు, ఆ వెంటనే చరణం మధ్యలోంచి బాలు, చిత్ర. ఏమీ జరగనట్టు. ఎక్కడ ఆగారో అక్కణ్నుంచే.

దసరా సెలవులకి బాబాయి వచ్చాడు. పెట్టె దింపి, సరిగ్గా ఆ క్యాసెట్టే పెట్టాడు. నేను తలుపు చాటున. అంతా విన్నాడు, అమ్మ బిందె కేకతో సహా. ఆరో పాట సగం కూడా అయిపోయాక నన్ను పిలిచాడు.

"ఏమ్మా, వేరే ఖాళీది దొరకలేదా?"

ఏం చెప్పాలో తెలీక నోటికొచ్చింది అనేశాను. "అవన్నీ ఒకటే డ్రమ్ముల మోత కదా బాబాయ్, ఇప్పుడెవరు వింటారు?"

అవును. ఇదే మాట. డబ్బా బదులు డ్రమ్ము, అంతే తేడా.

బాబాయి తిట్టలేదు. నా కంపాస్ బాక్సులోంచి స్కేలు తీసుకుని, అట్ట మీద మొదటి ఐదు పాటల పేర్లూ స్కేలు పెట్టి నీటుగా కొట్టేశాడు. ఆరోదాని పక్కన ఎర్ర పెన్నుతో "సగం" అని రాశాడు. మళ్లీ పెట్టెలో పెట్టేశాడు.

నాన్న క్యాసెట్లు ఎందుకు ముట్టుకోలేదా అని ఇప్పుడు ఆలోచిస్తున్నా. ముట్టుకుంటే వీపు విమానం మోతే, అదొకటి. కానీ భయమొక్కటే కాదు. ఘంటసాల 1974లో పోయారు, నేను పుట్టింది 1989లో. ఆయన పాట నాకు ఎప్పుడూ పాతబడ్డట్టు అనిపించలేదు. నేను పుట్టేసరికే అది ఇంటి గోడలా ఉంది. బాబాయి పాట అలా కాదు, అది నా కళ్ల ముందే మాసిపోయింది. నాయనమ్మ పట్టుచీర ఇస్తే కళ్లకద్దుకుంటాం. అక్క విడిచిన చుడీదార్ ఇస్తే మూతి మూడు వంకర్లు తిప్పుతాం. రెండూ వాడినవే.

దీని మీద చదువుకున్నవాళ్లు కూడా కుస్తీ పట్టారు. కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు 2013లో 62 మంది కుర్రాళ్లని కూర్చోబెట్టి, 1955 నుంచి 2009 దాకా అమెరికా చార్టుల్లో ఏటా పైన నిలిచిన రెండేసి పాటలు వినిపించారు. ఇరవై ఏళ్ల పిల్లలు, వాళ్ల కాలం పాటలు నచ్చడంలో వింత లేదు. కానీ అమ్మానాన్నలు కుర్రాళ్లుగా ఉన్న ఎనభైల తొలినాళ్ల దగ్గర మళ్లీ ఒక గుట్ట లేచింది. అరవైల దగ్గర ఇంకో గుట్ట. ఇంట్లో ఏం మోగితే అది చెవుల్లో ఇంకుతుందని వాళ్ల ఊహ. అంతా బాగుంది. ఆ గుట్టల మధ్య పల్లంలో ఎవరుంటారు? బాబాయిలు, పిన్నులు. మా గురించి ఒక్క మాట లేదు.

మనం అటక మీంచి దింపి చెరిపాం, అంతే. షికాగోలో అయితే ఏకంగా పేల్చేశారు. 1979 జులై 12న బేస్‌బాల్ మైదానం మధ్యలో డిస్కో రికార్డులు పెట్టెనిండా పోసి పేలిస్తే, జనం మైదానంలోకి దూకి ఆ రోజు రెండో ఆటే లేకుండా చేశారు. అదే ఊళ్లో ఆ తర్వాత కొన్నేళ్లకి డిస్కో బూడిదలోంచే హౌస్ మ్యూజిక్ అనే కొత్త డాన్స్ సంగీతం పుట్టింది. పండుకి ఇది చెబితే, "చూశావా, మేమింకా నయం, స్కిప్ మాత్రమే కొడతాం" అంటుంది. దాని నోటికి నేను చాలను.

సరే, న్యాయంగా ఉందామని ఇందాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నా లిస్టు మొదటి నుంచి విన్నాను, ఒక పదకొండు పాటలు. నాలుగు దాటాక నాకే అనుమానం వచ్చింది. మూడోదీ ఏడోదీ మొదలెట్టే దరువు ఒకటేనా? వెనక్కి తిప్పి విన్నాను. ఒకటే. అచ్చంగా ఒకటే! పదేళ్లకి పైగా వింటున్నాను, ఎప్పుడూ పట్టుకోలేదు. ఆ ఇంగ్లీషు వాగుడు కూడా, నిజం చెప్పాలంటే, ఒక పాటలో భరించలేకపోయాను.

అంటే పండు చెప్పిందే నిజమా? దరువు విషయంలో నిజమే. కానీ ఆ దరువు వినగానే నాకు పాట వినబడదు. ఫైనలియర్‌లో రాత్రి పదకొండుకి హాస్టల్ టెర్రస్ మీద, ఒక చిన్న స్పీకర్ బకెట్‌లో పెట్టి, బకెట్‌లో పెడితే మోత పెరుగుతుందని ఎవరో చెబితే, తొమ్మిది మందిమి చెప్పులు విడిచి ఆడడం వినబడుతుంది. ఆ తొమ్మిది మందిలో ఇద్దరితో ఇప్పుడు మాటల్లేవు. ఆ బకెట్ మోత పండుకి ఎలా వినిపిస్తాను? బాబాయి కాలు బెణికిన వాకిలి మాత్రం నాకు వినబడిందా?

ఇక్కడితో ఆపేద్దామనుకున్నా. కానీ చేతులు ఊరుకోలేదు, బాబాయికి వాట్సాప్ పెట్టాను. "మేలుకున్నావా? ఆ చెప్పుల పెట్టె క్యాసెట్లో ఏ సైడు ఆరో పాట ఏది, సగం మిగిలింది?" ఈ టైమ్‌లో ఎవరు చూస్తారులే అనుకున్నా. రెండు నిమిషాల్లో బ్లూ టిక్కులు పడ్డాయి. తర్వాత చాలాసేపు 'టైపింగ్' అనే ఉంది.

ఆరూ పంపాడు. వరస తప్పకుండా, ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి, పక్కన పాడినవాళ్ల పేర్లు, సంగీతం ఎవరిదో కూడా రాసి. ఆరోదాని పక్కన "సగం" అని కూడా.

నాలుగోదానికి మాత్రం సంగీతం ఎవరిదో తప్పు రాశాడు. అది బప్పీ లహరి కాదు, రాజ్-కోటి. చెప్పాలా వద్దా అని పది నిమిషాల నుంచి ఫోన్ పట్టుకు కూర్చున్నా.