తూకానికి పోవాల్సిన కాగితాలు

పొద్దున పది కాకుండానే సంఘం గదికి వెళ్లాను. గది ఓనరు ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు, పాత డాబా పడగొట్టి షాపులు కట్టుకుంటారట. ఇన్నేళ్లు తక్కువ అద్దెకి ఉండనిచ్చారు, వాళ్లనేమీ అనలేం. కొత్తగా దొరికిన చోట ఓ ఇరవై కుర్చీలు, ఒక టేబులు పడతాయి కానీ ఈ రెండు ఇనప బీరువాలూ పట్టవు. అందుకే మొన్న మీటింగులో "ఏవి ఉంచాలో, ఏవి తూకానికి వేసెయ్యాలో మీరు చూసిపెట్టండి టీచరు గారూ" అని తాళాలు నా చేతిలో పెట్టారు. ముప్ఫై ఏళ్లకి పైగా సోషల్ చెప్పాను కాబట్టి ఈ పని నాకే ఇవ్వడం బాగానే అనిపించింది.

మాది కోనసీమలో చిన్న ఊరు, సంఘమూ చిన్నదే. రిటైరైన టీచర్లం, చాలామంది జిల్లా పరిషత్, మండల పరిషత్ బళ్లలో పనిచేసినవాళ్లం, కొందరు ఎయిడెడ్ వాళ్లు. నేను 2024లో చేరాను. బీరువాలు తెరవడం మాత్రం ఇదే మొదటిసారి. పాత కాగితం వాసన, కలరా ఉండల వాసన కలిసి గుప్పుమంది. పై అరలో ఎండిపోయిన స్టాంపు ప్యాడు, రెండు రబ్బరు స్టాంపులు ఉన్నాయి. ఒకదాని మీద తూర్పు గోదావరి జిల్లా అని ఉంది, రెండోది 2022లో కోనసీమ జిల్లా వేరుపడ్డాక చేయించింది. కింది అరల్లో మినిట్స్ పుస్తకాలు, క్యాష్ బుక్కులు, రసీదు పుస్తకాల కౌంటర్‌ఫాయిళ్లు, ఔట్‌వర్డ్ రిజిస్టర్లు (బయటికి పంపిన ఉత్తరాలు రాసుకునేవి). వాటి వెనక పురికొస కట్టిన మూటలు.

మొట్టమొదటి మినిట్స్ పుస్తకం తీశాను. మొదటి పేజీ మీద తేదీ 1983 మార్చి. ఆ తేదీ చూడగానే కాసేపు అలాగే నిలబడిపోయాను.

ఎందుకంటే నాకు ఆ మార్చి గుర్తుంది. 1983 జనవరిలో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం వచ్చింది, ఫిబ్రవరి 8న రిటైర్మెంట్ వయసు 58 నుంచి 55కి తగ్గిస్తూ ఉత్తర్వు వచ్చింది, ఆ నెలాఖరు, అంటే 28కల్లా 55 నిండిన వాళ్లందరూ ఒకేసారి ఇంటికెళ్లిపోయారు. రాష్ట్రం మొత్తం మీద ప్రభుత్వ ఉద్యోగులే 18,000కి పైగా. ఇచ్చిన టైము ఇరవై రోజులే. ఇంకా మూడేళ్లు జీతం వస్తుందని అప్పు చేసి ఇల్లు మొదలుపెట్టినవాళ్లు ఉంటారు, ఆడపిల్ల పెళ్లి పెట్టుకున్నవాళ్లు ఉంటారు. అంతకి రెండు నెలల ముందే, 1982 డిసెంబర్ 17న, నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, హక్కు అని తీర్పు చెప్పింది. ఇప్పుడు మనం ఏటా డిసెంబర్ 17న పెన్షనర్ల దినోత్సవం చేసుకుంటున్నది ఆ తీర్పు వల్లే. ఆ సంతోషం ఇంకా చల్లారకముందే ఈ దెబ్బ.

ఇంత జరిగితే మా మొదటి పేజీలో ఉన్నది ఒక్క వాక్యం. "పదవీ విరమణ వయస్సు తగ్గించుట వలన సభ్యులకు కలిగిన ఇబ్బందులు చర్చించడమైనది." కింద పందొమ్మిది సంతకాలు. అంతే! రాసినాయన తెలుగు మాస్టారే, చేతిరాత ముత్యాల్లా ఉంది, కానీ తీర్మానం అనేసరికి ఆయనకీ ఆ ఆఫీసు భాషే వచ్చింది. గిడుగు రామమూర్తి పంతులు గారు కూడా రిటైరైన టీచరే, వాడుక భాషలో రాయండని జీవితాంతం పోరాడారు. ఆయన మాట మన మినిట్స్ పుస్తకాల దాకా రాలేదు. ఆ రోజు ఎవరేం మాట్లాడారు, ఎవరు కళ్లనీళ్లు పెట్టుకున్నారు, ఎవరికి బాకీలున్నాయి, ఒక్క ముక్క లేదు.

తరవాతి పేజీలు నెమ్మదిగా చదివాను. 1984 ఆగస్టులో వయసు మళ్లీ 58 చేశారు, కానీ మధ్యలో వెళ్లగొట్టినవాళ్ల సంగతి తేలలేదు. 1985 జనవరిలో సుప్రీంకోర్టు 55కి తగ్గించడం చెల్లుతుందని చెప్పింది, ఆ నెల మీటింగుకి వచ్చినవాళ్లు ఆరుగురే. మళ్లీ అదే ఏడాది ఆగస్టులో ఇంకో తీర్పు వచ్చింది, ఆ మధ్యకాలంలో రిటైర్ చేసినవాళ్లలో ఇంకా 58 నిండనివాళ్లని తిరిగి తీసుకోమని. ఆ తరవాతి పేజీలో సభ్యుల జాబితా ఉంది, అందులో ఏడు పేర్లు ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన "తిరిగి విధులలో చేరినందున" అని రాశారు. చివర్లో సభ్యులు తగ్గినందుకు సంఘం హర్షం వ్యక్తం చేసింది! నేను చూసిన పుస్తకాలన్నిటిలో సభ్యులు తగ్గారని సంతోషించిన తీర్మానం ఇదొక్కటే. రెండుసార్లు చదువుకున్నాను.

ఆ ఏడు పేర్లలో ఒకటి నాకు ఐదో తరగతి చెప్పిన మాస్టారిది. అప్పుడు నేను రాజమండ్రిలో బీఈడీ చదువుతున్నాను. సెలవులకి వచ్చినప్పుడు ఆయన బడి టైములో అరుగు మీద కూర్చుని కనిపించారు, తరవాతెప్పుడో మళ్లీ గొడుగేసుకుని బడికి వెళ్తూ కనిపించారు. ఒంట్లో బాగోక సెలవు పెట్టి ఉంటారనుకున్నాను, అడగను కూడా లేదు. నలభై ఏళ్ల తరవాత ఎర్ర సిరా గీత చూస్తే తప్ప నాకు తెలియలేదు.

పన్నెండు గంటలకి కోశాధికారి మాస్టారు వచ్చారు. మినిట్స్ పుస్తకాలు, క్యాష్ బుక్కులు ఉంచితే చాలమ్మా, మిగిలిందంతా చెత్తే, పాత పేపర్ల అబ్బాయిని సాయంత్రం రమ్మన్నాను అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను, ఎనభై దగ్గరపడిన మనిషి, ఈ సామాను ఎక్కడ మొయ్యాలో అని ఆయన టెన్షన్ ఆయనది. కానీ అప్పటికే నేను వెనక మూటల్లో ఒకటి విప్పాను. అందులో కార్డులు, 15 పైసల పోస్టు కార్డులు, వందకి తక్కువ ఉండవు. పక్క ఊళ్ల సభ్యులు రాసినవి. "మీటింగుకు రాలేను, మోకాళ్లు సహకరించుటలేదు, నా మాటగా డీఏ బకాయిల సంగతి అడగవలెను" అని ఒకాయన. "కమ్యూటేషన్ పోగా చేతికి వచ్చేది చాలుట లేదు" అని, అంటే ముందే ఒకేసారి తీసుకున్న పెన్షన్ భాగం పోగా అని, ఇంకొకాయన. ఒకామె, మా సంఘం మాస్టారి భార్య, భర్త పోయి ఏడు నెలలైనా ఫ్యామిలీ పెన్షన్ మొదలుకాలేదని రాసింది, అక్షరాలు కూడబలుక్కుని రాసినట్టున్నాయి. ఆ కార్డు పట్టుకుని ఔట్‌వర్డ్ రిజిస్టరు తిరగేశాను. ఆమె పేరు మీద మా సంఘం ఒక ఆఫీసుకి రాసిన ఉత్తరాలు పదకొండు! ఏడాదిన్నర పాటు, నెలన్నరకి ఒకటి చొప్పున ఇంచుమించు. పన్నెండోది లేదు. దాని బదులు ఇన్‌వర్డ్‌లో ఆమె దగ్గర్నుంచి ఒక కార్డు వచ్చినట్టు ఉంది, "పెన్షన్ అందినది" అని. మినిట్స్ పుస్తకంలో మాత్రం ఈ సంగతే లేదు. సంఘం చేసిన అసలు పని ఔట్‌వర్డ్ రిజిస్టర్లో ఉంది, మనం తూకానికి వేద్దామనుకున్నది దాన్నే.

మాస్టారికి ఆ కార్డు చదివి వినిపించాను. కళ్లజోడు తీసి తుడుచుకుని, "నేను చేరకముందు సంగతమ్మా ఇది" అన్నారు. తరవాత ఇంకేం మాట్లాడలేదు, స్టూలు లాక్కుని రెండో మూట విప్పడం మొదలెట్టారు.

ఆ మూటలో 1996 తుఫాను ఉంది. అలా అనడమే సరైనది. నవంబర్ 6 రాత్రి గాలికి కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడిపోయిన తుఫాను, మా తాలూకాల్లో ఎవరినడిగినా ఆ రాత్రి ఎక్కడున్నారో చెప్తారు. అప్పుడు సంఘం గది పెంకుటిల్లట, కప్పు లేచిపోయి కాగితాలన్నీ తడిశాయి. రసీదు పుస్తకాలు పేజీలు అంటుకుపోయి అట్టముక్కల్లా గట్టిగా ఉన్నాయి. మీటింగులు మూడు నెలలు జరగలేదు. కానీ క్యాష్ బుక్కులో ఆ మూడు నెలలూ ఖర్చు రాసి ఉంది, ఇళ్లు పడిపోయిన సభ్యులకి తలా కొంత ఇచ్చినట్టు, తీసుకున్నవాళ్ల సంతకాలతో. ఒకరు సంతకం బదులు వేలిముద్ర వేశారు. టీచరు వేలిముద్ర ఎందుకు వేశారో అని ఆగిపోయాను. చెయ్యి విరిగిందని మాస్టారే చెప్పారు, ఆయనకి ఆ మనిషి తెలుసు.

ఇంకో ఫైలు గురించి గట్టిగానే చెప్పాను. 1983 తరవాత నెలకి 398 రూపాయల మీద స్పెషల్ టీచర్లుగా చేరినవాళ్ల ఫైలు అది. ఆ సర్వీసుకి నోషనల్ ఇంక్రిమెంట్లు (వెనకటి బకాయిలు ఇవ్వకపోయినా జీతం లెక్కకి కలిపేవి) ఇవ్వాలని ఎన్నో ఏళ్లు తిరిగారు వాళ్లు. అపాయింట్‌మెంట్ ఆర్డరు జిరాక్సులు, చేరిన తేదీల జాబితాలు అన్నీ ఇందులో ఉన్నాయి. మా సభ్యుల్లో కొందరికి సొంతంగా ఆ కాగితం లేదు, సర్వీస్ రిజిస్టర్లో ఎంట్రీ సరిగ్గా లేదు, రేపు ఏ చిక్కు వచ్చినా చూపించడానికి ఉన్నది ఈ జిరాక్సే. దీన్ని ఎలా అమ్ముతాం? ఫోనులో ఫోటోలు తీసుకుని కాగితాలు పారేద్దామని ప్రెసిడెంటు గారు సాయంత్రం ఫోనులో అన్నారు. ఫోటోలు తీద్దాం, తప్పకుండా తీద్దాం, కానీ ఫోనులు రెండేళ్లకోసారి మారుస్తాం, ఈ కార్డులు నలభై ఏళ్లు నిలిచాయి అన్నాను. సరే, మీ ఇంట్లో చోటుంటే ఉంచండమ్మా అన్నారు.

పాత పేపర్ల అబ్బాయి వచ్చేసరికి అతనికి ఇవ్వడానికి పాత క్యాలెండర్లు, దినపత్రికలు, అచ్చయిన సర్క్యులర్ల డూప్లికేట్లు మాత్రమే మిగిలాయి. మిగిలిన మూటలు ఆటోలో ఇంటికి తెచ్చాను. పడమటి గదిలో మంచం ఖాళీ చేసి, చెమ్మ ఆరాలని కాగితాలన్నీ పరిచి ఫ్యాను వేశాను. వేపాకు రేపు కోయించాలి.

రాత్రి భోజనం అయ్యాక ఎర్ర సిరా పేజీ ఫోటో తీసి మా ఐదో తరగతి మాస్టారి అమ్మాయికి పంపించాను. ఆమె హైదరాబాదులో ఉంటుంది, ఎప్పుడైనా పండగలకి పలకరించుకుంటాం. ఐదు నిమిషాల్లో ఫోను చేసింది. "అక్కా, నాన్నగారికి రిటైర్మెంట్ దండ రెండుసార్లు వేశారు, తెలుసా" అంది. మొదటిసారి ఫోటో తీయించుకోనన్నారట, రెండోసారి తనే స్టూడియో అతన్ని పిలిపించారట. ఆ ఫోటో ఇంట్లో ఉందట, రేపు పంపిస్తానంది. వెనకవైపు తేదీ, పక్కన నిలబడ్డవాళ్ల పేర్లు ఏమైనా రాసి ఉన్నాయేమో చూసి, అది కూడా ఫోటో తీసి పంపమన్నాను.