కార్తీక మాసంలో ఒక జ్యావ్‌జ హోటల్

2024 నవంబరు 23, శనివారం. రాత్రి తొమ్మిదిన్నర.

ఇవాళ ప్రత్యేకంగా ఏమీ జరగలేదు. పిన్ని కూతుర్ని తీసుకుని బయటికెళ్ళి జ్యావ్‌జ, అంటే లోపల కూర నింపి ఉడికించే చైనా కజ్జికాయలు, తినొచ్చాను, అంతే. కానీ ఆ ఒక్క పూట భోజనానికి హోటల్ ఎంచుకోవడానికి పడిన హైరానా, చివరికి మంచిది దొరికితే కలిగిన సంతోషం రెండూ రాసిపెట్టుకోవాలనిపిస్తోంది.

చెల్లి మాస్టర్స్ చదవడానికి సెప్టెంబరులో బీజింగ్ వచ్చింది. వారమంతా క్యాంటీన్ తిండే. "అక్కా, వేడివేడిగా, ఎవరో చేత్తో చేసింది తినాలనుందక్కా" అని గురువారమే ఫోన్ చేసింది. ఖరీదైన చోటికి తీసుకెళ్తే మొహమాటపడుతుంది. తన వాటా తనే కడతానంటుంది, కట్టాక నెలాఖరు దాకా ఇబ్బంది పడుతుంది. కాబట్టి ఇద్దరికీ కలిపి 80 యువాన్లు దాటకూడదని నాలో నేనే అనుకున్నాను. యువాన్ మనకి 12 రూపాయలకి కొంచెం తక్కువ.

అసలు చిక్కు డబ్బు కాదు. ఇది కార్తీక మాసం. నెల్లాళ్ళూ నీచు ముట్టనని, గుడ్డు కూడా తిననని చెల్లి పిన్నికి మాటిచ్చి వచ్చింది. ఉల్లి, వెల్లుల్లి మాత్రం పరాయి దేశంలో కుదరదులే అని పిన్నే వదిలేసింది. తనతో పాటు నేనూ ఈ నెల మానేశాను. ఇద్దరం కలిసి ఉంటే తనకి తేలికగా ఉంటుందని.

జ్యావ్‌జ అంటే చూడ్డానికి అచ్చం మన కజ్జికాయే. అదే అర్ధచంద్రాకారం, అదే నొక్కిన అంచు. కాకపోతే లోపల కొబ్బరి బదులు మాంసమో కూరగాయలో ఉంటాయి, నూనెలో వేయించకుండా మరిగే నీళ్ళలో ఉడికిస్తారు. హైదరాబాద్ మోమోలు తిన్నవాళ్ళు అదే అనుకుంటారు కానీ మోమో ఆవిరి మీద ఉడికేది. నీళ్ళలో ఉడికిన దాని పైపొర జారుతూ, నమిలితే కొంచెం సాగుతూ ఉంటుంది. ఉత్తర చైనా వాళ్ళకి ఇది పండగ తిండీ, రోజువారీ తిండీ కూడా.

పొద్దున యోంగ్‌హెగోంగ్ గుడికి వెళ్ళాం. 1694లో రాకుమారుడి భవనంగా కట్టి, 1744లో టిబెటన్ బౌద్ధ ఆరామంగా మార్చిన చోటు. లోపల ఒకే గంధపు చెట్టు మానుతో చెక్కిన మైత్రేయ విగ్రహం నేల పైన 18 మీటర్లు ఉంటుంది, నేల లోపల ఇంకో 8 మీటర్లు. చెల్లి మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూసి, కిందకి దిగిన చూపుతోనే "ఆకలేస్తోందక్కా" అంది.

మెట్రోలో వస్తున్నప్పుడే ఫోన్‌లో మూడు చోట్లు అనుకుని పెట్టుకున్నాను. చెల్లి రీల్స్‌లో చూసి అడిగింది దిన్ తాయ్ ఫుంగ్. తైవాన్ వాళ్ళది, ఒక్కో దానికి 18 మడతలు పెట్టి ఆవిరి మీద ఉడికించే షియావోలోంగ్‌బావ్‌కి పేరు. అది మన లెక్కకి ఎలాగూ అందేది కాదు, పైగా బీజింగ్‌లో వాళ్ళ హోటళ్ళు పోయిన నెలాఖరుతో మూతపడ్డాయి. లైసెన్సు గడువు దగ్గర బోర్డులో ఏకాభిప్రాయం కుదరలేదని ఆగస్టులోనే ప్రకటించారు. పాపం, చెల్లి మొహం చిన్నబోయింది. రెండోది ఆందింగ్‌మెన్ దగ్గరి షియన్ లావో మాన్. ఊళ్ళో వాళ్ళే మెచ్చుకునే చోటు, ధరా ఎక్కువ కాదు. కానీ శనివారం మధ్యాహ్నం అక్కడ టోకెన్ తీసుకుని నిలబడాలి. ఆ రద్దీలో, అంత హడావిడిలో పనిచేసే పిల్లని ఆపి "ఇందులో గుడ్డుందా, అందులో ఏముంది" అని నాలుగుసార్లు అడగడం నాకు మనసొప్పలేదు. మూడోది మాల్‌లో ఉండే ఒక చైన్ హోటల్. శుభ్రంగా ఉంటుంది, బొమ్మల మెనూ ఉంటుంది, అడగడానికి మాత్రం మనిషి ఉండడు. టేబుల్ మీద కోడ్ స్కాన్ చేసి ఆర్డర్ పెట్టుకోవాలి.

అడగడం గురించి ఇంతగా ఎందుకు ఆలోచిస్తున్నానంటే, పోయినేడు ఇదే కార్తీకంలో నాకు జరిగింది. ఒక హోటల్లో "సు సన్‌షియన్" అని రాసుంటే తెప్పించుకున్నాను. సు అంటే శాకాహారమే. కొరికాక నాలుక మీద ఏదో గరుకుగా, ఉప్పగా తగిలింది. విప్పి చూస్తే రొయ్యపొట్టు. అచ్చంగా మన కోస్తాలో వంకాయలో వేసుకునే రొయ్యపొట్టే. చైనీస్‌లో కూడా దాన్ని షియాపీ అంటారు, షియా అంటే రొయ్య, పీ అంటే తొక్క. రుచి కోసం చిటికెడు వేస్తారు, వేశామని వాళ్ళకి గుర్తు కూడా ఉండదు. ఇక్కడ మామూలు హోటళ్ళ లెక్కలో గుడ్డు కూడా శాకాహారమే. కాబట్టి మెనూలో సు అన్న అక్షరం చూసి నమ్మడానికి లేదు. ఆ రోజు పక్కన పెట్టేసి వచ్చాను. దేవుడు ఏమనుకుంటాడని కాదు, నేను అడగలేదే అని చాలా రోజులు బాధపడ్డాను. చెల్లికి అలా జరగకూడదు.

అందుకే మూడూ వదిలేసి, బేషిన్‌చియావ్ వైపు సందుల్లోకి నడిచాం. ఇక్కడి పాత సందుల్ని హుతోంగ్‌లంటారు. ఫోన్‌లో దాజోంగ్ దియెన్‌పింగ్ యాప్ తెరిచే ఉంచాను. ఈ ఊళ్ళో హోటల్ వెతికే వాళ్ళంతా చూసేది దీన్నే. మనిషికి సగటున ఎంత అవుతుందో పేరు పక్కనే ఉంటుంది. ముందు ఆ అంకె చూస్తాను. 35కీ 45కీ మధ్య ఉంటే మనలాంటి వాళ్ళు రోజూ తినే చోటని లెక్క. నక్షత్రాలు అంతగా పట్టించుకోను. మా ఆఫీసు పిల్లలైతే కావాలనే మూడున్నర నక్షత్రాల చోట్లు వెతుక్కుంటారు. పేరు కోసం పాకులాడకుండా, పక్క వీధి వాళ్ళకి ఏళ్ళ తరబడి వండి పెట్టేవి అవేనని వాళ్ళ నమ్మకం. ఆ తర్వాత తిన్నవాళ్ళు తీసిన ఫొటోలు చూస్తాను, హోటల్ వాళ్ళు పెట్టినవి కాదు. జ్యావ్‌జలన్నీ అచ్చు పోసినట్టు ఒకేలా ఉంటే నాకు అనుమానం. ఒకటి లావుగా, ఒకటి కాస్త వంకరగా ఉంటే ఎవరో కూర్చుని చేత్తో చుట్టినవే.

కానీ చివరికి హోటల్ని పట్టిచ్చింది ఫోన్ కాదు, ఆవిరి. ఈ ఊరంతటికీ నవంబరు 15 నుంచి హీటింగ్ ఇస్తారు. లోపల వెచ్చగా, బయట చల్లగా ఉంటే ఏ అద్దానికైనా కొంచెం తేమ పడుతుంది. ఆ హోటల్ అద్దం మాత్రం పూర్తిగా తెల్లబడి, నీళ్ళు ధారగా కారుతున్నాయి. లోపల పెద్ద గంగాళం ఆగకుండా మరుగుతోందన్నమాట. అద్దం మీద ఎర్రటి అక్షరాలతో "అప్పుడే చుట్టి, అప్పుడే ఉడికించినవి" అని రాసుంది. ఏడు టేబుళ్ళు. గోడ మీద మెనూ, ధర ప్లేటుకి కాదు, లియాంగ్‌కి, అంటే ఇక్కడి యాభై గ్రాముల తూకానికి. నాకు ధైర్యం వచ్చింది.

అద్దం పక్కనే బల్ల వేసుకుని ఒకావిడ పిండి వత్తుతోంది. యాభై ఐదేళ్ళుంటాయేమో. ఇలాంటి వాళ్ళని ఇక్కడ "ఆయీ" అని పిలుస్తాం. ఆ మాటకి అసలు అర్థం తల్లి చెల్లెలు, అంటే మన పిన్నే. దగ్గరికెళ్ళి చెప్పాను. ఆయీ, మాంసం వద్దు, షియాపీ వద్దు, గుడ్డు కూడా వద్దు.

ఆవిడ చెయ్యి ఆపకుండా తలెత్తి చూసింది. "గుడికెళ్ళొచ్చారా?" అని అడిగింది. అవునన్నాను. చైనా పంచాంగం ప్రకారం నెల మొదటి రోజూ, పదిహేనో రోజూ ఇక్కడ భక్తి ఉన్నవాళ్ళు మాంసం మానేస్తారు. ఇవాళ ఆ రెండూ కాదు కదా అన్నట్టు చూసింది. మాకు నెలంతా అని చెప్పాను. "నెలంతానా!" అని, ఒక్క క్షణం ఆగి, "మరి జియుత్సాయ్ తినొచ్చా?" అంది. జియుత్సాయ్ అంటే ఉల్లికాడల కంటే సన్నగా, వెల్లుల్లి వాసనతో ఉండే ఆకుకూర. నియమంగా ఉండే బౌద్ధులు దాన్నీ, ఉల్లినీ, వెల్లుల్లినీ ముట్టరు. చెల్లికి తెలుగులో చెప్పేసరికి దాని కళ్ళు పెద్దవయ్యాయి. "అంటే మన పెద్దవాళ్ళ లెక్కే కదక్కా!" అంది. తినొచ్చు, మా పిన్ని ఒప్పుకుంది అని ఆవిడకి చెప్పాను. ఆవిడ గట్టిగా నవ్వింది.

మెనూలో ఉన్న కూరగాయల రకాలన్నిటిలో గుడ్డుందట. అయితే క్యాబేజీ, టోఫూ, సేమ్యాలాంటి పారదర్శకమైన ఫెన్‌తియావ్, పుట్టగొడుగులు తరిగి సిద్ధంగా ఉన్నాయి, గుడ్డు ఇంకా కలపలేదు. "ఇందులోంచి మీకు తీసి విడిగా కలుపుతాను, ఇరవై నిమిషాలు పడుతుంది, పర్లేదా?" అంది. పర్లేదా అని అడిగింది ఆవిడ! చిన్న గిన్నెలోకి తీసి, ముందు నువ్వుల నూనె వేసి కలిపింది. ఉప్పు పక్కనే పెట్టుకుంది, వెయ్యలేదు. కూరగాయకి ముందే ఉప్పు తగిలితే నీరు వదిలేసి పైపొర చిరుగుతుందట. నూనె పట్టించి, చుట్టే ముందు మాత్రమే ఉప్పు వేస్తారు.

ఎన్ని కావాలి అంటే చెల్లి "లియాంగ్ అంటే యాభై గ్రాములేగా, పది చెప్పక్కా" అంది. ఆపాను. ఆ యాభై గ్రాములు పైపొరకి పట్టే పిండి బరువు. లోపలి కూర లెక్కలోకి రాదు. లియాంగ్‌కి ఐదారు జ్యావ్‌జలు వస్తాయి, పది అంటే అరకిలో పిండి, అరవై దాకా. ఆరు లియాంగ్‌లు చెప్పాం. మామూలుగా ఒక్కో రకం రెండు లియాంగ్‌లకి తక్కువ ఇవ్వరు. గంగాళంలో రకాలు కలిస్తే బయటినుంచి ఏది ఏదో తెలీదు కాబట్టి ఏ రకానికి ఆ రకం విడిగా ఉడకాలి.

ఆ ఇరవై నిమిషాలూ మేం ఫోన్లు చూడలేదు. ఆవిడ చేతులే చూశాం. జానెడు కూడా లేని సన్నటి కర్ర. కుడిచేత్తో దాన్ని అంచు నుంచి మధ్య దాకా మాత్రమే దొర్లిస్తుంది, ఎడమచేత్తో పిండి బిళ్ళని ప్రతిసారీ కొంచెం తిప్పుతుంది. అందువల్ల అంచులు పల్చగా, నడుమ మందంగా వస్తుంది. కూర బరువు ఆనేది నడుమే కదా. మడిచాక అంచు రెండు పొరలవుతుంది కాబట్టి అది పల్చగా ఉంటేనే సమంగా ఉడుకుతుంది. చుట్టే మనిషి ఇంకొకాయన, ఆవిడ భర్తే అయ్యుంటాడు. కూర పెట్టి, మడిచి, రెండు చేతుల బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ కలిపి ఒక్క నొక్కు. అంతే, జ్యావ్‌జ బల్ల మీద కూర్చుంది. మా ఇంట్లో సంక్రాంతికి కజ్జికాయలు ఒత్తేటప్పుడు అమ్మ అంచు మెలికలు తిప్పుతూ ఒక్కోదానికి ఎంతసేపు తీసుకునేదో గుర్తొచ్చింది. గంగాళం పొంగినప్పుడల్లా ఒక గరిటెడు చన్నీళ్ళు పోశారు. పొంగు అణిగితే పైపొర చిట్లకుండా లోపలిదాకా ఉడుకుతుంది.

ప్లేటు వచ్చింది. చిన్న గిన్నెల్లో నల్లటి వెనిగర్ పోసుకుని, కొంచెం కారం నూనె వేసుకున్నాం. టేబుల్ మీద పచ్చి వెల్లుల్లి రెబ్బలు ఊరికే పెట్టి ఉంటాయి, జ్యావ్‌జ ఒక ముక్క, వెల్లుల్లి ఒక ముక్క కొరుక్కుంటారు ఇక్కడివాళ్ళు. చెల్లి మొదటిది నోట్లో పెట్టుకుని, వేడికి నోరు తెరిచి ఊదుకుంటూ, ఏం మాట్లాడకుండా తలూపింది. క్యాబేజీ తియ్యదనం, నువ్వుల నూనె వాసన, పుట్టగొడుగు ముక్క మెత్తగా తగలడం. నాకైతే ఈ ఊళ్ళో ఇన్నేళ్ళలో ఇంత నిశ్చింతగా తిన్న జ్యావ్‌జ ఇదే. ఒక్కసారి కూడా విప్పి చూసుకోలేదు.

సగంలో ఉండగా ఆయీ రెండు గిన్నెలు తెచ్చి పెట్టింది. జ్యావ్‌జలు ఉడికిన నీళ్ళు. దేన్ని ఉడికించిన నీళ్ళు దాన్ని అరిగిస్తాయని ఇక్కడ సామెత ఉంది, అందుకే తిన్నాక అవి తాగుతారు. డబ్బు తీసుకోరు. చెల్లి ఒక గుక్క తాగి "గంజి!" అంది. అవును, గంజే. పిండి కలిసిన తెల్లటి, చప్పటి, వెచ్చటి గంజి. ఉప్పు అడిగి వేసుకుని రెండు గిన్నెలూ తాగేసింది.

లియాంగ్ 8 యువాన్లు, కీరదోస చితక్కొట్టి వెనిగర్ వేసిన ప్లేటు 12. మొత్తం 60. చెల్లి తన 30 వెంటనే నాకు పంపించేసింది, ఈసారి నేనూ వద్దనలేదు. ముప్ఫై ఆరు వచ్చాయి, ఇద్దరం కలిసి ఇరవై ఏడు తిన్నాం.

దార్లో పిన్ని వీడియో కాల్ చేసింది. ఏం తిన్నారే అంటే చెల్లి ఆ హోటల్ సంగతంతా, ఆయీ జియుత్సాయ్ గురించి అడగడంతో సహా, ఊపిరి తీసుకోకుండా చెప్పింది. "ఆవిడకి నా నమస్కారం చెప్పండి" అంది పిన్ని. చెప్పాలి. డిసెంబరు 1తో కార్తీకం అయిపోతుంది, ఈలోపు వచ్చే శనివారం ఒకటుంది. పదకొండున్నరకల్లా వెళ్తే గుడ్డు కలపకముందే దొరుకుతుందని ఆయీ చెప్పింది.

మిగిలిన తొమ్మిదీ డబ్బాలో పెట్టి ఇచ్చారు, ఫ్రిజ్‌లో ఉన్నాయి. రేపు పొద్దున పెనం మీద నూనె వేసి కింద ఎర్రగా కాల్చుకుంటాను.