రెండు ఇంజిన్లు, రెండు పుస్తకాలు

కువైట్‌లో నేను పదకొండేళ్ళు పనిచేశాను. వీసా కాగితంలో నా వృత్తి ఇంటి డ్రైవరు. ఆర్టికల్ 20 కింద ఇచ్చే ఇంటిపని వీసా అది. ఆదివారం నుంచి గురువారం వరకు పిల్లలను బడికి, ఇల్లాలిని బంధువుల ఇళ్ళకు కారులో తిప్పేవాణ్ణి. గురువారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా మాత్రం నా ఉద్యోగమంతా సాల్మియా తీరంలో కట్టి ఉంచే ముప్ఫై ఆరు అడుగుల ఫైబర్ పడవ మీదే సాగేది. పడవకు వెనకాల మూడు వందల హార్స్‌పవర్ పెట్రోలు ఇంజిన్లు రెండు. యజమానిని అక్కడి ఇంటి పనివాళ్ళు పిలిచే ఆనవాయితీ ప్రకారం నేనూ 'బాబా' అనే పిలిచేవాణ్ణి.

నేను శ్రీకాకుళం జిల్లా తీరంలో చేపల వేట తప్ప మరో పని తెలియని ఇంట్లో పుట్టాను. మా ఊరి మగవాళ్ళలో చాలామందిలాగే గుజరాత్‌లోని వేరావల్ రేవులో ఆరు సీజన్లు చేశాను. కళాసీగా, అంటే పడవలో పనివాడిగా చేరి, చివరి రెండు సీజన్లలో ఇంజిను డ్రైవరునయ్యాను. అక్కడ పుస్తకమంటే ఒక్కటే, డీజిలు, ఐసు, అడ్వాన్సుల లెక్క రాసుకునేది. ఎక్కడ వల వేశాం, ఇంజినాయిలు ఎప్పుడు మార్చాం అన్న సంగతులు పడవ పెద్ద అయిన సరంగు బుర్రలోనే ఉండేవి. మా నాన్నయితే కళింగపట్నం దీపస్తంభాన్నీ మహేంద్రగిరి కొండలనూ గుర్తు పెట్టుకుని, ఒకదానితో ఒకటి కలిపి చూసి, నిరుడు వల చిరిగిన రాతిపారు ఎక్కడుందో వేలు పెట్టి చూపించేవాడు. అటువంటి ఇంటి నుంచి వచ్చినవాడికి పడవ నడపడానికి పుస్తకం రాయాలంటే మొదట్లో నామోషీగానే తోచింది.

2012లో బాబా ఈ పడవను కొత్తగా కొన్నప్పుడు, ఇంజిన్లకు మొదటి ఇరవై గంటల సర్వీసు చేయడానికి వచ్చిన మెకానిక్కు రాజోలు వైపు మనిషి. అంతకుముందు సరుకు ఓడల్లో ఇంజిన్‌రూములో ఆయిలరుగా పనిచేశాడు. పని ముగించి చేతులు తుడుచుకుంటూ, "పుస్తకం ఏదీ తమ్ముడూ?" అన్నాడు. లేదన్నాను. "ఆయ్, అయితే రేపే రెండు కొను. ఒకటి ఇంజినుకి, ఒకటి ప్రయాణానికి. తప్పు రాస్తే గీత ఒక్కటే కొట్టు, కింద అక్షరం కనబడాలి. వైట్నరు పూసేవు సుమా, ఓడలో అయితే దానికే ఉద్యోగం ఊడిపోద్ది" అన్నాడు. మర్నాడు సాల్మియాలో గట్టి అట్ట ఉన్న పొడుగు పుస్తకాలు రెండు కొన్నాను.

పేజీ ఎలా ఉండేదో చెప్పడానికి ఒక రోజు లెక్క ఇక్కడ ఇస్తాను. 2015 నవంబరు 20, శుక్రవారం. బయలుదేరింది ఉదయం 6:40. మనుషులు తొమ్మిది మంది, అందులో పిల్లలు ముగ్గురు. పెట్రోలు 610 లీటర్లు. మీటరు ప్రకారం కుడి ఇంజిను అప్పటిదాకా నడిచింది 431.7 గంటలు, ఎడమ ఇంజిను 429.0. వాయవ్యపు గాలి, పలుచన. కుబ్బార్ దీవి చేరింది 7:50. తిరుగు ప్రయాణం 2:15, రేవు చేరింది 3:25. పెట్రోలు 395. కుడి 434.1, ఎడమ 431.3. అంకెలూ ఆంగ్ల పదాలూ బాబాకు అర్థమయ్యేలా రాసి, చివరి గడిలో మాత్రం నాకోసం తెలుగులో ఒకటి రెండు మాటలు రాసుకునేవాణ్ణి.

రెండు ఇంజిన్ల గంటలు ఎందుకు కలవవని బాబా మొదట్లో అడిగారు. రేవులో మెల్లగా తిరిగేటప్పుడు నేను ఎక్కువగా కుడి ఇంజినునే వాడతాను కాబట్టి ఆ తేడా వస్తుంది. అయితే అది పెరగవలసినంతే పెరగాలి. ఒక్కసారిగా పెరిగితే ఏదో జరిగినట్టు.

సాల్మియా నుంచి కుబ్బార్‌కు దాదాపు 27 నాటికల్ మైళ్ళు. వెళ్ళడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, గాలి తిరిగితే వాడుకోవడానికి మూడో వంతు అన్న లెక్కతోనే పెట్రోలు పోయించేవాణ్ణి. ఆ సముద్రంలో గాలి తిరగడానికి ఎంతోసేపు పట్టదు. వాయవ్యం నుంచి వచ్చే శమాల్ పట్టుకుంటే అల పొట్టిగా, దగ్గర దగ్గరగా లేచి పడవ ముక్కును బాదుతుంది. దాని వెంట 'తూజ్' అని వాళ్ళు పిలిచే దుమ్ము లేస్తే ఎదురుగా వచ్చే పడవ కూడా కనబడదు. ఆగ్నేయం నుంచి వీచే కోస్ గాలిలో అల కన్నా ఉక్క ఎక్కువ. పోటుపాట్లు కూడా మన తీరంలాగా ఉండవు. మా వైపు అమావాస్య పోటుకైనా తేడా సుమారు ఒకటిన్నర మీటరే; కువైట్‌లో అది మూడు మీటర్లు దాటుతుంది. పొద్దున తేలుతూ వెళ్ళిన దారిలోనే సాయంత్రం అడుగు తగులుతుంది. అందుకే పోటు వేళా పాటు వేళా రెండూ బయలుదేరకముందే పేజీ పైన రాసేవాణ్ణి. కుబ్బార్ చుట్టూ పగడపు దిబ్బలు ఉన్నాయి కనుక, ఇసుక అడుగున్న చోట ఎక్కడ లంగరు వేశానో కూడా రాసేవాణ్ణి. నాన్నకు కొండలుంటే నాకు జీపీఎస్ అంకెలు.

రెండో పుస్తకం, ఇంజినుది, చూడడానికి బీదగా ఉండేది. నూరు గంటలకు లేదా ఏడాదికి, ఏది ముందొస్తే దానికి, ఆయిలూ ఫిల్టర్లూ మార్చాలి. గేరాయిలు విప్పినప్పుడు పలుచని మజ్జిగలా తెల్లగా వస్తే సీలు పోయి నీళ్ళు దిగాయన్నమాట. నీటిని వేరుచేసే పెట్రోలు ఫిల్టరులోనిది గాజు సీసాలో వంపి పావుగంట ఆగితే అడుగున నీటి బుడగలు కూర్చుంటాయి. ఎన్ని బుడగలో కూడా రాసేవాణ్ణి. ఇంజినుకు తుప్పు పట్టకుండా కింద బిగించే జింకు దిమ్మ సగం కరిగితే మార్చాలి. తిరిగొచ్చిన ప్రతిసారీ రెండు ఇంజిన్లలోనూ పది నిమిషాలు మంచినీళ్ళు పారించాలి. వీటిలో ఏదీ కష్టమైన పని కాదు. కిందటిసారి ఎప్పుడు చేశామన్నదే మనిషికి గుర్తుండదు.

రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదవడం నాకు మూడో ఏడు గానీ తెలియలేదు. 4000 ఆర్‌పీఎం దగ్గర 26 నాట్లు, అంటే గంటకు 26 నాటికల్ మైళ్ళు నడిచే పడవ మూడు నెలల్లో అదే ఆర్‌పీఎం దగ్గర 23కు దిగింది. ఇంజిన్లలో లోపమేదీ కనబడలేదు. మైలుకు ఖర్చయిన పెట్రోలు లెక్కగడితే అది కూడా వారం వారం కొద్దికొద్దిగా పెరుగుతూ వచ్చింది. పడవను ఒడ్డుకు ఎత్తించి చూస్తే అడుగంతా గుల్లలు పట్టి గరగరలాడుతోంది. రోజూ నడిపే చేతికి తెలియని సంగతి అంకెల్లో మూడు నెలలుగా కనబడుతూనే ఉందన్నమాట. ఆ రోజు నుంచి నామోషీ పోయింది.

బాబా తండ్రిగారికి అప్పటికే ఎనభై దాటాయి. ఆయన చిన్నతనంలో బొంబాయిలో కొన్నాళ్ళున్నారు, హిందుస్తానీ మాట్లాడేవారు. 1961 వరకు కువైట్‌లో రూపాయలే చెల్లేవని, మలబారు కలప, బస్రా ఖర్జూరాలు మోసే బూమ్ అనే తెరచాప ఓడలో తమ తండ్రి నోఖదాగా ఉండేవారని నాకు చెప్పేవారు. నోఖదా అంటే మన సరంగు వంటివాడే. ఆయన రోజూ గాలి, దిక్కు, నడిచిన దూరం రాసుకునే పుస్తకాన్ని రోజ్‌నామా అనేవారట.  సముద్రపు మనుషులు రాసుకోరన్న నా అభిప్రాయం మా ఊరికి మాత్రమే సరిపోతుందని ఆ ముసలాయన మాటలతో అర్థమైంది.

2017 ఏప్రిల్ నెలాఖరులో బాబా ఆఫీసులో లెక్కలు చూసే మనిషి రేవులో పోయించిన పెట్రోలు బిల్లులు ముందు పెట్టుకుని, నూట యాభై లీటర్లు లెక్కకు రావడం లేదని చెప్పాడు. లీటరు 105 ఫిల్సుల లెక్కన (వెయ్యి ఫిల్సులు ఒక దీనారు) అది పదిహేనున్నర దీనార్ల పైచిలుకు, నా జీతంలో ఎనిమిదో వంతు. ఆ మొత్తం కన్నా దాని మీద పడే మాట పెద్దది. వీసా ఎవరి పేరు మీద ఉందో ఆ ఇంట్లోనే దొంగ అనిపించుకున్న డ్రైవరుకు మరో ఇల్లు దొరకదు. తిరుగు టిక్కెట్టే దొరుకుతుంది.

నేను పుస్తకం తెచ్చి బల్ల మీద విప్పాను. ఏప్రిల్ రెండో శనివారం రాత్రి పడవ కట్టినప్పుడు కుడి ఇంజిను 604.2. మళ్ళీ గురువారం సాయంత్రం తాళం తీసినప్పుడు 607.0. ఎడమ ఇంజినులో కూడా సరిగ్గా అంతే తేడా. వచ్చినప్పుడు రాసిన అంకె ఎలాగూ ఉంది కదా, వెళ్ళేటప్పుడు మళ్ళీ రాయడం ఎందుకని బద్ధకించి ఉంటే ఆ రెండు గంటల నలభై ఎనిమిది నిమిషాలు నా మెడకే చుట్టుకునేవి. ఆ గురువారం నేను పడవ ఎక్కినప్పుడు తాడు చుట్టే కొక్కేనికి, అంటే క్లీటుకు, కట్టిన తాడు ముడి నాది కాదు. నేను మెలిక తిప్పి లోపలికి దోపే కొసను ఎవరో పైన రెండు చుట్లు చుట్టి వదిలేశారు. ఆ ముడి ఎవరిదో నాకు తెలుసు. పుస్తకంలో మాత్రం అంకెలే రాశాను, ముడి సంగతి రాయలేదు, నోటితోనూ చెప్పలేదు. బాబా రెండు అంకెల మీదా వేలు పెట్టి చూసి, పుస్తకం మూసి, లెక్కల మనిషితో అరబ్బీలో ఏదో మెల్లగా అన్నారు. పెట్రోలు మాట మళ్ళీ రాలేదు. మరుసటి నెల పడవ తాళాలు ఒకే జత మిగిలి నా దగ్గరికి వచ్చాయి.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే నేను బుద్ధిమంతుడిలా కనబడతాను. తర్వాతి ఏడు సంగతి కూడా చెప్పాలి.

2018 జూన్‌లో ఏడాది సర్వీసు. సముద్రపు నీటిని లోపలికి లాగి ఇంజినును చల్లబరిచే రబ్బరు ఇంపెల్లర్ ఒకటి ప్రతి ఇంజినులోనూ ఉంటుంది. దాన్ని మార్చాలంటే ఇంజిను కింది భాగం మొత్తం దించాలి. పడవను ఒడ్డున ఎత్తి పెట్టారు. ఎండ నలభై ఎనిమిది డిగ్రీలు. స్పానరు కాసేపు నేల మీద పెడితే మళ్ళీ గుడ్డతో గానీ పట్టుకోలేని వేడి. కుడి ఇంజినుది విప్పి చూస్తే పాత ఇంపెల్లరే కొత్తదానిలా ఉంది. అయినా మార్చాను. ఎడమది కూడా ఇలాగే ఉంటుంది కదా అనుకుని, దాన్ని విప్పకుండానే, 'రెండు ఇంజిన్ల ఇంపెల్లర్లు మార్చడమైనది' అని రాసి సంతకం పెట్టాను. రెండో కొత్త ఇంపెల్లర్ కవరు కూడా చింపకుండా పనిముట్ల పెట్టెలో అడుగున ఉండిపోయింది. నా రాతను ఇక ఎవరూ సరిచూడరన్న ధైర్యం నాకు అంతకుముందు ఏడే వచ్చింది మరి.

ఐదు వారాల తర్వాత కుబ్బార్ నుంచి తిరిగి బయలుదేరిన పది నిమిషాలకే ఎడమ ఇంజిను వెనక నుంచి ఉబికే నీటి ధార దారంలా సన్నబడి ఆగిపోయింది. అలారం మోగింది, ఇంజిను తనంతట తానే వేగం తగ్గించుకుంది. నేను దాన్ని ఆపేశాను. పడవలో పదకొండు మంది, నలుగురు పిల్లలు. ఒక్క ఇంజిను మీద ఏడు నాట్ల వేగంతో, ఆగస్టు ఎండలో, నాలుగు గంటలు పట్టింది రేవుకు. పిల్లలు తాగే నీళ్ళు మూడో గంటలో అయిపోయాయి. చిన్నది వాంతి చేసుకుంటూ నా సీటు పక్కనే కూర్చుంది. ఆ రాత్రి విప్పి చూస్తే ఇంపెల్లర్ రెక్కలు రెండు విరిగి నీటి దారికి అడ్డం పడి ఉన్నాయి.

ఆ పేజీ చింపేయవచ్చు. పెట్టెలోని కొత్తది సముద్రంలో పారేసి, కొత్త ఇంపెల్లరే పాడైందని చెప్పవచ్చు. అమ్మినవాడి మీదికి పోతుంది. తెల్లవారుజామున నాలుగింటి దాకా పడవలోనే కూర్చుని ఆ రెండు దారులూ ఆలోచించాను. చివరికి జూన్ నాటి వాక్యం మీద ఒక గీత కొట్టి, కింద ఆ రోజు తేదీ వేసి, 'ఎడమ ఇంజిను ఇంపెల్లర్ మార్చలేదు, మార్చానని అబద్ధం రాశాను' అని ఇంగ్లీషులో రాసి, విరిగిన రెక్కలు కవరులో వేసి బాబాకు ఇచ్చాను.

ఆయన కేకలు వేయలేదు. పేజీలు వెనక్కి తిప్పుతూ, "ఇలాంటివి ఇంకా ఎన్ని?" అని అడిగారు. ఇంకేవీ లేవు. కానీ లేవని చెప్పడానికి నా మాట తప్ప మరొకటి నా దగ్గర లేదు. ఆ మాట విలువేమిటో ఆయన చేతిలోనే ఉంది. బయటి మెకానిక్కును పిలిపించి, పుస్తకం పక్కన పెట్టుకుని, గేరాయిలు, జింకు దిమ్మలు, ఫిల్టర్లు, బ్యాటరీలు అన్నీ రెండు రోజులు విప్పించారు. అన్నీ రాతకు సరిపోయాయి. ఉద్యోగం పోలేదు, జీతం కోయలేదు. అయితే ఆ తర్వాత ఏడాది పాటు ప్రతి ప్రయాణానికి ముందు బాబా స్వయంగా వచ్చి మీటరు చూసి, పేజీలో తన చేత్తో అంకె రాసి, ఆ తర్వాతే పిల్లలను ఎక్కనిచ్చేవారు. ఆయన రాస్తున్నంతసేపూ నేను తాడు పట్టుకుని నిలబడేవాణ్ణి.

2020 మే 10 నుంచి 30 దాకా పూర్తి కర్ఫ్యూ వచ్చినప్పుడు కూడా ఖాళీ వదలకుండా, శుక్రవారానికొక గీత చొప్పున 'వెళ్ళలేదు' అని రాశాను. 2022లో బాబా పడవను అమ్మారు. కొనుక్కునేందుకు వచ్చిన మనిషి ఇంజిన్ల కన్నా ముందు పుస్తకాలు అడిగాడు. జూన్ పేజీ దగ్గర గీత కొట్టిన వాక్యం మీద ఆయన వేలు కాసేపు ఆగింది. నా వైపు ఒకసారి చూసి పేజీ తిప్పేశాడు. కొన్ని పేజీలు దాటాక 2018 అక్టోబరు 12 దగ్గర ఆగి, చివరి గడిలోని తెలుగు చూపించి, "ఇదేమిటి?" అని అడిగాడు.

ముందు రోజు తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తుఫాను తీరం దాటింది. శుక్రవారం కుబ్బార్‌లో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. 'గాలి లేదు. ఊరికి ఫోను కలవడం లేదు' అని రాసి ఉంది అక్కడ.

గాలి గురించి రాశానని చెప్పాను. ఆయన తలాడించి, ఆఖరి పేజీలో ఆ రోజు రీడింగులు వేయమని పుస్తకం నా వైపు జరిపాడు. కుడి 1,191.4, ఎడమ 1,184.9.