కిల్లార్నీలో మొలకల కోసం

"చెట్లను తర్వాత చూద్దువు గానీ, ముందు కిందికి చూడు" అంది అక్క. వంగి చూస్తే అంతా నాచు. అరచేత్తో నొక్కితే స్పాంజిలా దిగింది, ఆ వెంటనే రాయి తగిలింది. మట్టి లేదనే చెప్పాలి. ఆ రాతి పగుళ్లలోకే వేళ్ళు దించుకుని, మెలికలు తిరిగిన ఎర్రటి మానులతో, సూదుల్లాంటి సన్నటి ఆకులతో మా చుట్టూ యూ అనే జాతి చెట్లు నిలబడి ఉన్నాయి.

ఐర్లండ్‌లోని కిల్లార్నీ నేషనల్ పార్కులో ఉంది ఈ అడవి. పేరు రీనడిన్నా. మక్రాస్ సరస్సుకీ లాక్ లేన్ సరస్సుకీ మధ్య పొడుచుకొచ్చిన నేలలో, సున్నపురాయి మీద పెరిగింది. విస్తీర్ణం సుమారు 25 హెక్టార్లే. అయినా పూర్తిగా యూ చెట్లతో నిండిన అడవి ఐరోపాలో చాలా అరుదు. మే నెల, మిట్టమధ్యాహ్నం. సరస్సు మీద ఎండ మెరుస్తోంది, లోపల మాత్రం సందెచీకటి. ఏడాది పొడవునా ఆకు నిలిచే చెట్టు కాబట్టి కింద గడ్డి కూడా మొలవదు. పిట్ట కూత కూడా ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు వినిపించింది.

అక్క పని అడవుల సర్వే. సెలవు మీద వచ్చినా ఆ అలవాటు పోదు, పది అడుగులకోసారి ఆగుతుంది. పొద్దున మక్రాస్ మఠం శిథిలాల్లో, రాతి మండువా నడుమ ఒంటరిగా నిలబడ్డ పెద్ద యూ చెట్టును చూశాం. "అక్కా, ఆ చెట్టునీ ఈ చెట్లనీ కాపాడే చట్టం ఒకటేనా?" అని అడిగాను.

"కాదు. అక్కడున్నది యూ చెట్టు. ఇది యూ అడవి. రాయి, నాచు, చీకటి, చెట్టు, అన్నీ కలిస్తేనే చట్టంలో రాసిన అడవి" అంది.

ఆమె చెప్పింది 1992లో యూరోపియన్ యూనియన్ తెచ్చిన హాబిటాట్స్ డైరెక్టివ్ గురించి. దాని మొదటి అనుబంధంలో కాపాడాల్సిన ఆవాసాల జాబితా ఉంది. ఐర్లండ్ అడవుల్లో ఆ జాబితాకెక్కిన రకాలు నాలుగు: పాత ఓక్ అడవి, యూ అడవి, నీటి ఒడ్డున పెరిగే ఆల్డర్–యాష్ అడవి, పీట్ నేల (నీళ్ళలో సగం కుళ్ళిన మొక్కలు పేరుకున్న నేల) మీది బర్చ్ అడవి. ఓక్ తప్ప మిగతా మూడింటికీ పక్కన ఒక నక్షత్రం గుర్తు ఉంటుంది. ముందుగా కాపాడాల్సినవని దాని అర్థం. ఇలా గుర్తించి కాపాడే చోట ఏ పని తలపెట్టినా, అది ఆ ఆవాసాన్ని దెబ్బతీస్తుందేమో ముందే అంచనా వేయాలి. ప్రభుత్వం ఆరేళ్ళకోసారి పరిస్థితి ఎలా ఉందో నివేదిక ఇవ్వాలి.

పడమటి వైపు నడుస్తూ ఉంటే నాకు తెలియకుండానే వెలుతురు పెరిగింది. "రాయి మారింది, చూశావా?" అంది అక్క. సున్నపురాయి అయిపోయి ఇసుకరాయి మొదలైంది. దాంతోపాటే యూ తగ్గి ఓక్ వచ్చింది. అప్పుడే విప్పుకున్న లేతాకుల్లోంచి ఎండ పచ్చగా జారుతోంది. కింద ముళ్ళాకుల హోలీ, ఎర్రతొక్క ఆర్బ్యూటస్. అట్లాంటిక్ తేమకి ఓక్ కొమ్మల మీద కూడా నాచు, ఆ నాచులో ఫెర్న్‌లు. అడవి మీద మరో అడవి మొలిచినట్టుంది. నాకైతే యూ అడవి కన్నా ఇదే ఎక్కువ నచ్చింది. చాలాసేపు మాట్లాడకుండా నిలబడిపోయాను.

"బాగుంది కదూ? ఇప్పుడు నీ మోకాలంత ఎత్తున్న ఓక్ మొక్క ఒక్కటి చూపించు" అంది అక్క.

వెతికాను. దారికి రెండు వైపులా, పడిపోయిన మానుల వెనక కూడా చూశాను. పోయినేడు రాలిన కాయల నుంచి లేచిన రెండాకుల మొలకలు కనిపించాయి గానీ, అంతకు మించి ఎదిగింది ఒక్కటీ లేదు. ముసలి చెట్లు, వాటి కింద మొలకలు, మధ్య తరం మాత్రం లేదు. అప్పటిదాకా నేను చూసిన అందమంతా వేరేగా కనబడింది.

కారణాలు కళ్ళ ముందే ఉన్నాయి. 1865లో తూర్పు ఆసియా జాతి సికా జింకల్ని ఇక్కడికి తెచ్చి వదిలారు. అవి పెరిగి, మొలకల్ని ఎదగనివ్వకుండా మేసేస్తున్నాయి. తోటల అందం కోసం తెచ్చిన రోడోడెండ్రాన్ పొదలు అడవిలోకి పాకాయి. వాటి ఆకులో విషం ఉంటుంది కాబట్టి జింకలు ముట్టవు. పొద కమ్ముకున్న చోట నేలకి వెలుతురే అందదు. దశాబ్దాలుగా నరుకుతున్నా, ఇసుకరేణువుల్లాంటి లక్షల గింజలతో మళ్ళీ వస్తూనే ఉంది.

ఇది ఐర్లండ్‌లోని మొట్టమొదటి నేషనల్ పార్కు. 1932లో ఒక కుటుంబం తమ మక్రాస్ ఎస్టేటును దేశానికి ఇచ్చేయడంతో ఏర్పడింది. అంటే దాదాపు వందేళ్ళ రక్షణ. అయినా 2019 నివేదికలో, జాబితాలో ఉండి ఐర్లండ్‌లో కనిపించే ఆవాసాల్లో 85 శాతం బాగాలేవని తేలింది. దేశంలో అడవి 11 శాతం దాటిందంటారు, అందులో ఎక్కువ భాగం సిట్కా స్ప్రూస్ లాంటి బయటి జాతుల కలప తోటలే. వాటిని పెంచగలం. ఇలాంటి అడవిని నాటి పెంచలేం. అందుకే నాకు ఆ మధ్య తరం లోటు అంత బెంగ కలిగించింది.

మర్నాడు లాక్ లేన్ ఒడ్డున ఆల్డర్ అడవికి వెళ్ళాం. బూట్లలోకి నీళ్ళొచ్చాయి. ఈ చెట్టు వేళ్ళలో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి కాబట్టి చిత్తడి నేలలోనూ బతుకుతుంది. పీట్ మీది బర్చ్ అడవిని ఈసారి చూడలేకపోయాం.

తిరిగొచ్చేటప్పుడు ఓక్ అడవిలో కంచె కట్టిన చిన్న ముక్క దగ్గర అక్క ఆగింది. జింకలు చొరబడకుండా వేసిన కంచె. ఇవతల నాచు, ఎండుటాకులు. అవతల హోలీ, రోవన్, వాటి మధ్య నా భుజం దాకా ఎదిగిన ఓక్ మొక్కలు. అక్క లెక్కపెట్టడం మొదలుపెట్టింది. వాన తుంపర పడుతోంది. పదిహేడు దాకా తను లెక్కపెట్టింది, కంచె మూలన పొదలో దాగిన పద్దెనిమిదోది నాకు దొరికింది.